చప్పుడు చేయని సినిమా పెట్టె

రైల్వే ఊరు బిలాస్‌పూర్‌లో హోమ్ థియేటర్ కంప్యూటర్‌కు అసలు పరీక్ష తెర మీద కాదు, పక్క గదిలో

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో ఎవరో ఒకరు ఎప్పుడూ నిద్రపోతూనే ఉంటారు. పగలు పదకొండింటికైనా సరే, సాయంత్రం ఏడింటికైనా సరే. కోర్బా బొగ్గు పుణ్యమా అని దేశంలో అత్యధికంగా సరకు రవాణా చేసే రైల్వే డివిజన్లలో ఒకటైన ఈ చోట గూడ్సు బండ్లకు వేళాపాళా లేదు. వాటిని నడిపే లోకో పైలట్లకూ, ఒకప్పుడు గార్డులుగా పిలిచిన ట్రెయిన్ మేనేజర్లకూ అంతే. 8 గంటలు, అంతకు మించి డ్యూటీ చేసి ఇంటికి చేరిన సిబ్బందికి 16 గంటల విశ్రాంతి ఇవ్వాలన్నది నిబంధన. ఒకప్పుడు కాల్ బాయ్ రిజిస్టరు పట్టుకుని వచ్చి తలుపు తట్టేవాడు. ఇప్పుడు ఫోను మోగుతుంది. ఆ పిలుపు వచ్చేలోగా దక్కిన నిద్రే దక్కినట్లు. వేల టన్నుల బండిని నడిపే మనిషికి అది విలాసం కాదు.

అదే ఇంట్లో రెండో గదిలో టీవీ ఉంటుంది. ఇంట్లో మిగతావారికీ సెలవు రోజు ఉంటుంది. అది తెలుగు ఇల్లయితే సినిమాకు మరో పని కూడా ఉంటుంది. హిందీ బడిలో చదివి, ఛత్తీస్‌గఢీ వీధిలో ఆడుకుని వచ్చే పిల్లల చెవిన అమ్మానాన్నల గొంతులు కాక తెలుగు పడేది ఎక్కువగా ఆ తెర మీద నుంచే.

ఇక్కడికి తెలుగువారు రావడం వెనుక ఉన్నదీ రైలే. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. తూర్పు తీరంలో వాల్తేరు వరకున్న మార్గం 1902లో దాని చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వారికి ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ లాంటి రైల్వే ఊళ్లు ఉపాధి చిరునామాలయ్యాయి. వాల్తేరు, బిలాస్‌పూర్ డివిజన్లు 2003 దాకా ఒకే ఆగ్నేయ రైల్వేలో ఉండేవి. ఆ ఏడాది బిలాస్‌పూర్ ప్రధాన కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడింది. జోన్లు విడిపోయినా బంధుత్వాలు విడిపోలేదు. కోర్బా-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్, బిలాస్‌పూర్-తిరుపతి ఎక్స్‌ప్రెస్ వాటిని మోస్తూనే ఉన్నాయి.

ఆ ప్రయాణాల్లో వీడియో క్యాసెట్లు, ఆ తర్వాత సీడీలు, డీవీడీలు కూడా వచ్చి చేరాయి. వీసీడీ బొమ్మలో ఉండే చుక్కలు సుమారు లక్ష. డీవీడీలో 4.15 లక్షలు. 2006లో బ్లూ-రే డిస్కుతో ఇళ్లలోకి వచ్చిన పూర్తి హై డెఫినిషన్‌లో 20.7 లక్షలు. ఇప్పటి 4కే బొమ్మలో దాదాపు 83 లక్షలు. బొమ్మ ఇలా పెరిగిన కొద్దీ దాన్ని ఆడించే పెట్టె మీద భారం పెరిగింది. భారం పెరిగితే వేడి, వేడి పెరిగితే ఫ్యాను, ఫ్యాను పెరిగితే హోరు. సినిమా కోసం కంప్యూటర్ కట్టుకునే వాళ్లు ఇరవై ఏళ్లుగా చేస్తున్న పోరాటమంతా ఈ గొలుసును ఎక్కడో ఒకచోట తెంపడానికే.

హోరుకు పెట్టే ఖరీదు

కంప్యూటర్ ఫ్యాను చప్పుడు చిన్న విషయంగానే కనిపిస్తుంది. సినిమా మొదలైతే వినపడదు కదా అన్నది సాధారణంగా వచ్చే మాట. ఇబ్బంది అక్కడే ఉంది. ఫ్యాను వినపడకుండా పోయేది సినిమా శబ్దం దాన్ని ముంచేసినప్పుడే. అంటే హోరు ఎంత ఉంటే వాల్యూమ్ అంత పెంచక తప్పదు.

లెక్క ఇలా వేసుకోవచ్చు. మాటలు శ్రమ లేకుండా అర్థం కావాలంటే అవి గదిలోని రొదకన్నా 15 డెసిబెల్స్ అయినా ఎక్కువ ఉండాలి. కూర్చున్న చోట కంప్యూటర్ హోరు 40 డెసిబెల్స్ ఉంటే డైలాగులు 55 దగ్గర ఉండాలి. సినిమాలో ఫైటు, పేలుడు డైలాగుకన్నా 20 డెసిబెల్స్ పైన ఉందనుకుంటే అది 75. తలుపు దగ్గరగా వేస్తే 20 తగ్గిందనుకున్నా పక్క గదికి 55 చేరుతుంది. అదే గదిలో రొద 30కి దిగితే డైలాగులు 45లో సరిపోతాయి. ఫైటు 65. పక్క గదికి చేరేది 45.

పడక గదిలో ఉన్నట్టుండి వచ్చే శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదన్నది 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకం. ఎడతెగని శబ్దమైతే 30లోపే ఉండాలంది. భారత్‌లో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో రాత్రి వేళ పరిమితిని 45గా పెట్టాయి. ఈ లెక్కలో సినిమా మారలేదు, స్పీకర్లు మారలేదు, గోడ మారలేదు. పెట్టెలోని హోరు 10 డెసిబెల్స్ తగ్గితే పక్క గదిలో మనిషి నిద్ర నిలిచింది. చెవికి 10 డెసిబెల్స్ తేడా అంటే శబ్దం సగమైనట్లు.

రైళ్ల చప్పుడు సంగతేమిటి? అది వస్తుంది, పోతుంది. ఏళ్ల తరబడి విన్న చెవి దాన్ని పట్టించుకోదు కూడా. టీవీ పక్కన రెండున్నర గంటలు ఆగకుండా సాగే సన్నని హోరు అలా కాదు. తెర మీద నిశ్శబ్దం కావలసిన ప్రతి చోటా అది తానున్నానని గుర్తుచేస్తుంది.

వేడి పుట్టకపోతేనే మేలు

డిస్కు మీద సినిమా అంతా నొక్కిపెట్టి ఉంటుంది. ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య మారినదేమిటో మాత్రమే రాసుకుని మిగతాది వదిలేయడం ఈ కుదింపులోని కిటుకు. 2003లో ఖరారైన హెచ్.264 ప్రమాణం ఈ పనిని బాగా చేసింది. అయితే విప్పేటప్పుడు ఆ లెక్కలన్నీ తిరిగి చేయాలి. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున దాదాపు 5 కోట్ల చుక్కలకు రంగు తేల్చాలి. బ్లూ-రేలో వీడియో సమాచారమే సెకనుకు 4 కోట్ల బిట్ల దాకా వస్తుంది.

తొలినాళ్లలో ఈ పనంతా ప్రాసెసర్ నెత్తిన పడేది. అప్పటి పెంటియం 4లలో వేగవంతమైన రకాలు 115 వాట్ల దాకా వేడి పుట్టించేలా తయారైనవి. పెద్ద బల్బంత వేడి అది. దాని మీద కూర్చున్న చిన్న ఫ్యాను విమానంలా మోగడంలో వింత లేదు.

మార్పు తెచ్చింది వేగం కాదు, పని విభజన. వీడియోను విప్పడానికే ప్రత్యేకంగా తీర్చిన చిన్న సర్క్యూట్‌ను చిప్‌లో పెట్టడం మొదలైంది. అన్ని పనులూ వచ్చిన మనిషి ఆయాసపడి చేసే పనిని, ఆ ఒక్క పనే వచ్చిన యంత్రం తాపీగా చేస్తుంది. ఏఎమ్‌డీ 2007లో రేడియాన్ హెచ్‌డీ కార్డుల్లో, ఎన్విడియా తన ప్యూర్‌వీడియో వరుసలో, ఇంటెల్ 2008 నాటి జీ45 చిప్‌సెట్‌లో ఈ ఏర్పాటు చేశాయి. 2013లో హెచ్.265, 2018లో ఏవీ1 అనే కొత్త కుదింపు పద్ధతులు వచ్చాయి. వాటికి మళ్లీ కొత్త సర్క్యూట్లు కావలసి వచ్చాయి. 2023లో మార్కెట్‌కు వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఈ రెండింటినీ 4కేలో ఆడిస్తుంది. దానికి కంపెనీ నిర్దేశించిన విద్యుత్ వాడకం 6 వాట్లు.

కాబట్టి నిశ్శబ్ద కంప్యూటర్ కట్టాలనుకునేవారు మొదట చూడవలసింది ఫ్యాన్ల జాబితా కాదు. ఆడించాల్సిన ఫైళ్లు ఏ పద్ధతిలో ఉన్నాయి, చిప్‌లో దానికి సర్క్యూట్ ఉందా అన్నది. ఉంటే ప్రాసెసర్ కునుకు తీస్తూ సినిమా ఆడిస్తుంది. లేకపోతే ఎంత ఖరీదైన ప్రాసెసరైనా చెమటోడుస్తుంది. పాత కంప్యూటర్ ఒకటి ఇంట్లో ఉంటే పరీక్ష సులువు. సినిమా ఆడుతుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ వాడకం పది శాతం దగ్గర ఉందా, ఎనభై దగ్గర ఉందా తెలిసిపోతుంది.

గాలి లెక్క

పుట్టిన వేడిని బయటికి పంపడం రెండో పని. 100 వాట్ల వేడిని మోసుకుపోతూ గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే సెకనుకు సుమారు 9 లీటర్ల గాలి కావాలి. 20 వాట్లయితే 2 లీటర్లు చాలు. ఆ కొద్ది గాలినీ ఎలా కదిలించామన్నదే చప్పుడును తేలుస్తుంది.

ఫ్యాను వేగం సగమైతే గాలి సగమవుతుంది. శబ్దం మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. నిశ్శబ్దాన్ని కోరేవారికి ప్రకృతి ఇచ్చిన అతి పెద్ద రాయితీ ఇదే. 80 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాను గిరగిరా తిరిగి చేసే పనిని 120 మిల్లీమీటర్ల ఫ్యాను నింపాదిగా తిరిగి చేస్తుంది. దాని వైశాల్యం చిన్నదానికి రెండుంపావు రెట్లు మరి. 2005లో మొదలైన ఆస్ట్రియా కంపెనీ నాక్టువా, దక్షిణ కొరియాకు చెందిన జాల్‌మన్ పేరు తెచ్చుకున్నది పెద్ద హీట్‌సింకులు, నెమ్మది ఫ్యాన్లతోనే.

హీట్‌సింకులో కనిపించే రాగి గొట్టాలకూ ఓ తెలివి ఉంది. అవి బోలుగా ఉంటాయి, లోపల కొద్దిపాటి ద్రవం ఉంటుంది. వేడి కొసన అది ఆవిరై చల్లని కొసకు పరుగెత్తి అక్కడ మళ్లీ ద్రవమై తిరిగొస్తుంది. మోటారు లేకుండా వేడిని మోసే ఈ హీట్‌పైపుల వల్లే క్యాబినెట్ గోడలనే హీట్‌సింకుగా మార్చిన ఫ్యాన్ లేని పెట్టెలు సాధ్యమయ్యాయి.

ఫ్యాన్ల తర్వాత దొంగ హార్డ్‌డిస్కు. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కు సెకనుకు 120 సార్లు వణుకుతుంది. ఆ వణుకు మరలు బిగించిన క్యాబినెట్ రేకుకు, రేకు నుంచి టీవీ బల్లకు పాకుతుంది. చెక్క బల్ల వీణ కుండలా దాన్ని పెంచుతుంది. 5,400 సార్లు తిరిగే డిస్కు వాడడం, మరలకు రబ్బరు వాషర్లు వేయడం, పెట్టె కింద మెత్తటి రబ్బరు కాళ్లు పెట్టడం చౌకైన చికిత్సలు. తిరిగే భాగమే లేని ఎస్‌ఎస్‌డీ అసలు మందు. సినిమాల నిల్వకు పెద్ద హార్డ్‌డిస్కు తప్పదనుకుంటే దాన్ని మరో గదిలో రూటరు పక్కన పెట్టి నెట్‌వర్క్ కేబుల్‌తో కలపవచ్చు. ఆ మరో గది పడక గది కాకుండా చూసుకోవాలి.

చివరగా ఎస్‌ఎమ్‌పీఎస్. చౌక క్యాబినెట్‌తో కలిపి ఇచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్ తరచు అన్నిటికన్నా పెద్ద గొంతుతో ఉంటుంది. తక్కువ వాట్ల కంప్యూటర్‌కు ల్యాప్‌టాప్ చార్జర్ లాంటి బయటి అడాప్టర్‌తో పనిచేసే బోర్డును ఎంచుకుంటే ఆ గొంతే ఉండదు.

45 డిగ్రీల పరీక్ష

నిశ్శబ్ద కంప్యూటర్ల గురించి వచ్చే సలహాల్లో చాలా భాగం చల్లని దేశాల గదులను ఊహించుకుని చెప్పినవే. బిలాస్‌పూర్‌లో మే నెల పగలు 44, 45 డిగ్రీలు మామూలు. ఫ్యాన్ లేని పెట్టె పనిచేసేది లోపలి వేడికీ గది వేడికీ ఉన్న తేడా మీదే. ప్రాసెసర్ 100 డిగ్రీల వరకు తట్టుకుంటుందనుకుంటే 25 డిగ్రీల గదిలో తేడా 75. గది 45కు చేరితే తేడా 55. అంటే అదే పెట్టె మోయగలిగే వేడి నాలుగో వంతుకు పైగా తగ్గిపోతుంది. జర్మనీలో 35 వాట్ల ప్రాసెసర్‌కు సరిపోయిన క్యాబినెట్ ఇక్కడ పాతిక వాట్లకే ఉక్కిరిబిక్కిరవుతుంది. పెట్టెను గాలి ఆడని టీవీ అలమరలో దాచేస్తే అదీ మోయలేదు.

అందుకే ఇలాంటి ఊళ్లలో పూర్తిగా ఫ్యాన్ లేని పెట్టెకన్నా పెద్ద ఫ్యాను ఒకటి అతి నెమ్మదిగా తిరిగే పెట్టె నమ్మకమైనది. చలికాలంలో అది ఆగినట్లే ఉంటుంది. ఎండాకాలంలో కాస్త వేగం అందుకుంటుంది. ఆ కాలంలో ఇంట్లో ఎయిర్ కూలర్ చేసే రొదలో దాన్ని ఎవరూ గమనించరు. నిజానికి కూలర్ తిరిగే నెలల్లో నిశ్శబ్ద కంప్యూటర్‌కు పెట్టిన డబ్బు వృథా. దాని విలువ తెలిసేది వానాకాలం, చలికాలం రాత్రుల్లోనూ, ఏసీ ఉన్న గదిలోనూ. కూలర్ గాలి నేరుగా తగిలే చోట మాత్రం పెట్టెను ఉంచకూడదు. ఆ తడిగాలి సర్క్యూట్లకు పడదు.

మరో స్థానిక శత్రువు దుమ్ము. బొగ్గు బండ్ల దారిలో ఉన్న ఊరికి ఆ సంగతి చెప్పక్కర్లేదు. హీట్‌సింకు రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే కొన్నప్పుడు నిశ్శబ్దంగా ఉన్న పెట్టె ఏడాదికల్లా మోగడం మొదలెడుతుంది. గాలి లోపలికి వెళ్లే దారికి ఉతికి వాడుకునే సన్నని వల, రెండు నెలలకోసారి బ్రష్షు, రెండు మూడేళ్లకోసారి కొత్త థర్మల్ పేస్ట్. ఇంతకు మించిన వైద్యం అక్కర్లేదు.

తెర మీద కూడా కొంత పని

పెట్టె మూగబోయాక మిగిలేది సాఫ్ట్‌వేర్. 2000 దశకంలో విండోస్ మీడియా సెంటర్ ఇందుకు వాడేవారు. 2015లో విండోస్ 10తో మైక్రోసాఫ్ట్ దానికి మంగళం పాడింది. ఒకప్పుడు ఎక్స్‌బాక్స్ ఆటల యంత్రం కోసం పుట్టి, 2014లో కోడీగా పేరు మార్చుకున్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఆ స్థానంలో ఉంది. దాన్నే ప్రధానంగా చేసుకుని బూట్ అయ్యే లిబ్రెఎలెక్ అనే చిన్న లైనక్స్ రూపాన్ని పాత కంప్యూటర్లలోనూ ఎక్కించుకోవచ్చు. 2025 అక్టోబరులో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయాక మూలన పడిన యంత్రాలకు ఇదో రెండో జీవితం.

రెండు సెట్టింగులు మాత్రం మరువరానివి. మొదటిది తెర వేగం. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, టీవీ సాధారణంగా 60 సార్లు బొమ్మ మారుస్తుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర. అందువల్ల ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతిది మూడుసార్లు కనిపిస్తాయి. కెమెరా నెమ్మదిగా పక్కకు జరిగే దృశ్యాల్లో బొమ్మ కుంటినట్లనిపించేది ఇందుకే. సినిమాకు తగ్గట్లు తెర వేగాన్ని మార్చమని కోడీకి చెబితే ఆ కుంటితనం పోతుంది.

రెండోది శబ్దం. 5.1 ట్రాకులో డైలాగులు ఎక్కువగా మధ్య చానల్‌లో ఉంటాయి. టీవీకి ఉన్న రెండు స్పీకర్లలోకి అన్నిటినీ కలిపేసినప్పుడు మాట సన్నబడి, డప్పు పెద్దదవుతుంది. చేతిలో రిమోట్ పట్టుకుని పాటకు తగ్గిస్తూ, మాటకు పెంచుతూ కూర్చునే బాధ ఇదే. ప్లేయర్లలో, రిసీవర్లలో ఉండే నైట్ మోడ్ లేదా డైనమిక్ రేంజ్ తగ్గింపు పెద్ద శబ్దాన్ని అణచి చిన్న మాటను పైకి తెస్తుంది. సంగీత దర్శకుడికి ఇది నచ్చకపోవచ్చు. నైట్ డ్యూటీ దిగి పడుకున్న మనిషికి నచ్చుతుంది.

ఇంత శ్రమ అవసరమా?

టీవీ వెనుక గుచ్చితే చాలనిపించే స్టిక్‌లు వచ్చాక ఇది న్యాయమైన ప్రశ్నే. వాటిలో ఫ్యాను లేదు, చప్పుడు లేదు. ఓటీటీలు చూడడమే పనైతే స్టిక్ గానీ స్మార్ట్ టీవీ గానీ చాలు. పైగా కొన్ని ఓటీటీలు కంప్యూటర్ బ్రౌజర్లలో తమ పూర్తి నాణ్యతను ఇవ్వవు కూడా. కంప్యూటర్ అవసరమయ్యేది సొంత సరుకు ఉన్న ఇంటికి. అట్టపెట్టెల్లో డీవీడీలు, పెళ్లి వీడియోలు, ఊరి పండగ రికార్డింగులు, రకరకాల డిస్కుల్లో రకరకాల ఫైళ్లు ఉన్నవారికి. ఏ కంపెనీ సర్వీసు మూతపడినా, ఏ సినిమా హక్కులు చేతులు మారినా ఆ నిల్వ ఇంట్లోనే ఉంటుంది. బయటి రాష్ట్రంలో తెలుగు కుటుంబానికి అది చిన్న ఆస్తేమీ కాదు. అయితే దొంగ కాపీలకు ఇది దారి కాకూడదు. డిస్కులకు వేసిన సాంకేతిక తాళాలను హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో ఛేదించడం 2012లో కాపీరైట్ చట్టానికి చేర్చిన 65ఏ సెక్షన్ ప్రకారం నేరం.

కట్టాలనుకునేవారికి వరస ఇది. ముందు ఫైళ్లకు సరిపోయే డీకోడర్ ఉన్న తక్కువ వాట్ల బోర్డు. ఆపైన ఎస్‌ఎస్‌డీ. ఆ తర్వాత బయటి అడాప్టర్, గాలి ఆడే క్యాబినెట్, ఒకే ఒక పెద్ద ఫ్యాను. అన్నిటికన్నా చివర, డబ్బు మిగిలితే, అలంకారం. విడి భాగాలకు పెద్ద ఊళ్ల మార్కెట్లు ఉండనే ఉన్నాయి. బంధువుల ఇంటికి హైదరాబాద్ వెళ్లినప్పుడు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఓ పూట తిరిగితే చాలు. దుకాణంలో ఫ్యాను తిప్పించి వినడం వృథా, ఆ సందడిలో అన్నీ నిశ్శబ్దమైనవే. పెట్టె మీద అచ్చు వేసిన డెసిబెల్స్ సంఖ్యలను పోల్చడమూ అంతే. ఒక్కో కంపెనీ ఒక్కో దూరం నుంచి కొలుస్తుంది.

కరెంటు బిల్లు అదనపు లాభం. రోజుకు 4 గంటల చొప్పున నడిస్తే 100 వాట్ల కంప్యూటర్‌కు నెలకు 12 యూనిట్లు, 15 వాట్ల పెట్టెకు 2 యూనిట్లలోపు. కానీ ఇలాంటి పెట్టె పనితనాన్ని తేల్చేది మీటరు కాదు. రాత్రి పదకొండు దాటాక సినిమాను ఆపి, కంప్యూటర్‌ను ఆన్‌లోనే ఉంచి, పక్క గదిలోకి వెళ్లి కాసేపు నిలబడాలి. అది నడుస్తున్నదో లేదో అక్కడి నుంచి చెప్పలేకపోతే సరిగ్గా కట్టినట్లే.